నేపాల్ బడికి వెళ్ళబోయే మన పిల్లలకు, వాళ్ళను పంపే పెద్దలకు

తిరుపతి, చిత్తూరు సంఘాల పెద్దలకు, పాస్టరుగార్లకు, యూత్ ఫెలోషిప్ నడిపిస్తున్న తమ్ముళ్ళకు చెల్లెళ్ళకు, ఈ మే నెలలో నేపాల్ మిషన్ ట్రిప్‌కు పేర్లిచ్చిన కాలేజీ పిల్లలందరికీ వందనాలు.

పోయిన ఆదివారం ఆరాధన చివర్లో ప్రకటనలు చదువుతుంటే విన్నాను. ఈసారి 22 మంది వెళ్తున్నారు. కొండల్లో ఉన్న ఒక గవర్నమెంటు బడిలో 12 రోజులు పిల్లలకు క్లాసులు తీసుకుంటారు, గోడలకు రంగులు వేస్తారు, కొత్త గది ఒకటి కట్టడంలో చెయ్యేస్తారు అని చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుంటే మాత్రం ముద్ద దిగలేదు. పోయినేడు ఆడపిల్లలకు తోడుగా ఇదే బడికి నేనూ వెళ్ళొచ్చాను. అంతకుముందు చిత్తూరు పక్కనే ఒక మండల పరిషత్ ప్రైమరీ స్కూల్లో 31 ఏళ్ళు టీచరుగా పనిచేశాను. వెళ్ళినవాళ్ళ వైపు నుంచీ, ఇంటికొచ్చిన చుట్టాలకు మర్యాద చేసినవాళ్ళ వైపు నుంచీ చూసినదాన్ని. చెప్పకుండా ఊరుకోలేకపోతున్నాను.

కమిటీ మీటింగులో లేచి మాట్లాడితే పోయినేడు వెళ్ళిన పిల్లల్ని వేలెత్తి చూపినట్టు అవుతుంది. వాళ్ళు మంచి మనసుతో వెళ్ళారు, ఒళ్ళు దాచుకోకుండా పనిచేశారు. పొరపాటు మనం వేసిన ప్లానులో ఉంది. ఆ ప్లాను వేసిన పెద్దల్లో నేనూ ఉన్నాను. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను అడిగేది ఒక్కటే. మన పిల్లలు అక్కడి టీచరు చేతికింద పనిచేయాలి. ఆమె క్లాసును ఆమె చేతుల్లోంచి లాక్కున్నట్టు కాకూడదు. ఈ ఒక్కటి ఒప్పుకుంటే ఎంతమంది వెళ్ళాలి, ఏం తీసుకెళ్ళాలి, ఏం చేయకూడదు అన్నవన్నీ దాని వెనకే సర్దుకుంటాయి.

ముందు మా బడి సంగతి చెప్పనివ్వండి. చాలా ఏళ్ళ కింద మా ఊరి బడికి విదేశాల నుంచి 14 మంది కాలేజీ పిల్లలు వచ్చారు. పది రోజులున్నారు. మేం కళ్ళాపి చల్లి, ముగ్గులేసి, కనకాంబరాల దండలతో ఎదురెళ్ళాం. పది రోజులూ మాకు పాఠాలు లేవు. త్రైమాసిక పరీక్షలు దగ్గర్లో ఉన్నాయి, సిలబస్ వెనకబడి ఉంది. అయినా ఇంటికొచ్చినవాళ్ళకు ఆ మాట ఎలా చెప్తాం? వాళ్ళు గోడల మీద ఏనుగును, ఇంద్రధనుస్సును, ఇంగ్లీషు అక్షరాలను వేశారు. నిజంగా చాలా బాగా వేశారు. చెమ్మ పట్టిన గోడను గీకకుండా, పట్టీ పెట్టకుండా వేయడం వల్ల తుపాను వానలకే ఏనుగు సగం పొరలు పొరలుగా రాలిపోయింది. దాన్ని మళ్ళీ వేయించడానికి మా దగ్గర గ్రాంటు లేదు. నేను రిటైరయ్యేదాకా ఆ గోడ అలాగే ఉండింది.

గోడ సంగతి వదిలేద్దాం. రెండో తరగతిలో ఒక పాప ఉండేది. అమ్మా నాన్నా బెంగళూరులో బిల్డింగు పనికి వెళ్ళారు, పాప అవ్వ దగ్గర ఉండేది. వచ్చిన అమ్మాయిల్లో ఒకామె రోజూ ఆ పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకొని తల దువ్వి, రెండు జడలు వేసి, నీలం రంగు క్లిప్పు పెట్టేది. పదో రోజు బస్సెక్కేటప్పుడు ఏడుస్తూ, మళ్ళీ వస్తానని చేతిలో చెయ్యేసి చెప్పింది. ఆ మరుసటి రోజు నుంచి పాప ఎనిమిదింటికే బడికొచ్చి గేటు దగ్గర వేపచెట్టు కింద కూర్చునేది. నేను తాళం తీస్తుంటే అడిగేది, "ఆ యక్క మళ్ళా ఎప్పుడొస్తాది మేడమ్?" అని. సంక్రాంతి సెలవుల దాకా అడిగింది. క్లిప్పు స్ప్రింగు ఊడిపోతే దారంతో కట్టుకొని పెట్టుకొచ్చింది. సెలవులయ్యాక అడగడం మానేసింది. తల దువ్వుతానని నేను చెయ్యి చాపితే కూడా వెనక్కి జరిగేది. ఆ అమ్మాయిది చెడ్డ మనసు కాదు. ఆమెకు పదో రోజున అయిపోయింది, మా పాపకు ఆ రోజు మొదలైంది.

అదే బృందంలో ఇంకొకామె ఉండేది. టీచరు చదువు చదువుతోందట. రెండో రోజు మధ్యాహ్నం, తెలుగు తెలిసిన ఒకతన్ని వెంటపెట్టుకొని నా దగ్గరికొచ్చి, "మీకు చేయాలని ఉండి టైం చాలక వదిలేసిన పని ఏమిటి?" అని అడిగింది. 31 ఏళ్ళ సర్వీసులో తనిఖీకి వచ్చినవాళ్ళు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఒకటి, రెండు తరగతులు రెండూ నేనే చూస్తున్నాను, 43 మంది పిల్లలు. అంకెల కార్డులు, గుణింతాల కార్డులు చేసుకోవాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నాను, కుదరడం లేదు. ఆ మాటే చెప్పాను. ఆమె వరండాలో చాప వేసుకొని కూర్చుంది. కిరాణా కొట్టు నుంచి తెచ్చిన అట్టపెట్టెలను కొలతపెట్టి కోసింది. ఒకటి నుంచి వంద దాకా రాసింది. గుణింతాలు నేను రాసిస్తే అంచులకు టేపు అంటించింది. చీపురుపుల్లల్ని సమానంగా విరిచి పదేసి కట్టలు కట్టింది, పదులూ ఒకట్లూ నేర్పడానికి. ఎనిమిది రోజులూ ఆమె ఒక్క పాఠం చెప్పలేదు, నేను చెప్తుంటే వెనక పిల్లల మధ్య కూర్చొని విన్నది. ఆ కార్డులు ఆరేళ్ళు వాడాను. గుణింతాల్లో "కౌ" కార్డు ఒకటి ఇంకా మా ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది.

ఒకే బస్సులో దిగిన ఇద్దరమ్మాయిలు. ఆ తేడా నేను అప్పుడే గట్టిగా పట్టుకొని ఉండాల్సింది. పట్టుకోలేదు కాబట్టే పోయినేడు నేపాల్‌లో మనం కూడా అదే చేశాం.

పోయినేడు సంగతి వివరంగా రాస్తాను, ఎందుకంటే సంఘంలో చూపించిన ఫొటోల్లో ఇవి లేవు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుంచి సునౌలి సరిహద్దు, తర్వాత జీపుల్లో కొండెక్కి శుక్రవారం మధ్యాహ్నానికి బడి చేరుకున్నాం. మన గడియారాలు 15 నిమిషాలు ముందుకు తిప్పుకున్నాం, అది మాత్రం అందరికీ తెలుసు. తెలియంది ఏమిటంటే అక్కడ శుక్రవారం ఒంటిపూట బడి. శనివారం వారం సెలవు. పోయినేడు ఆదివారం బళ్ళూ ఆఫీసులూ అన్నీ పనిచేశాయి. అక్కడి విశ్వాసులు కూడా శనివారమే ఆరాధనకు కూడుకుంటారు. మనం శనివారం రోజంతా క్లాసులని, ఆదివారం ఆరాధన, సండే స్కూల్ అని టైంటేబుల్ ప్రింటు చేసుకొని వెళ్ళాం. శనివారం ఖాళీ గదుల్లో కూర్చున్నాం. అక్కడి చిన్న సంఘం వాళ్ళు పొద్దున్నే కూడుకొని వెళ్ళిపోయారని సాయంత్రం తెలిసింది. ఆదివారం పదింటికి బడి గంట కొడితే మన ప్రోగ్రాం కోసం వాళ్ళ పాఠాలు ఆపేయాల్సి వచ్చింది. హెడ్మాస్టరుగారు ఒక్క మాటన్నా అనలేదు. ఒక్క ఫోను చేసి ముందే అడిగి ఉంటే తెలిసేది. మనం అడగలేదు.

ఇంకొకటి. వాళ్ళ కొత్త సంవత్సరం బైశాఖ్ నెలతో, అంటే మన ఏప్రిల్ నడిమిలో మొదలవుతుంది. కొత్త క్లాసులూ అప్పుడే. మన పిల్లలకు వేసవి సెలవులు వచ్చాయి కదా అని మనం మేలో వెళ్తాం. వాళ్ళకు అది మన జూన్ నెలలాంటిది. కొత్త టీచరుకు పిల్లలు అలవాటుపడే రోజులు, వరుసలో కూర్చోవడం, పలక తీయమంటే పలక తీయడం నేర్పుకొనే రోజులు. టీచరైన ఎవరినైనా అడగండి, జూన్ చెడితే ఆ ఏడాది క్లాసు చేతికి రావడం ఎంత కష్టమో చెప్తారు.

మూడో తరగతి మిస్‌ను నేను మర్చిపోలేను. అక్కడ పిల్లలు లేడీ టీచరును మిస్ అనే పిలుస్తారు. మన పిల్లలు నలుగురు ఆమె గదిలోకి వెళ్ళి యాక్షన్ సాంగ్స్ మొదలుపెట్టారు. 28 మంది పిల్లలు ఎగిరి గంతులేస్తున్నారు, చూడముచ్చటగా ఉంది. ఆమె అటెండెన్సు రిజిస్టరు తీసుకొని బయటికొచ్చి వరండా అరుగు మీద కూర్చుంది. చేతిలో రబ్బరుబ్యాండు వేసిన చార్టు చుట్ట ఉంది. నేను పక్కన కూర్చొని, నా విరిగిన హిందీలో ఏమిటమ్మా అది అన్నాను. విప్పి చూపించింది. ఏడో ఎక్కం. ఒక్కో వరుసకు ఏడేసి ఆకులు, పచ్చ స్కెచ్‌పెన్నుతో ఒక్కొక్కటీ ఈనెలతో సహా గీసింది. రాత్రి కరెంటు పోతే ఫోను వెలుతురులో పూర్తి చేసిందట. "ఈరోజు చెప్దామనుకున్నా" అని మళ్ళీ చుట్ట చుట్టేసింది. తర్వాత లోపలికెళ్ళి నాకు టీ తెచ్చిచ్చింది. ఆ ముఖం నాకు తెలుసు. మా బడి వరండాలో కనకాంబరాల దండ చేత్తో పట్టుకొని నేనూ అలాగే నిలబడ్డాను.

పన్నెండు రోజుల్లో ఆ చార్టు గోడకెక్కలేదు.

ఇక నాకు భయం పుట్టించిన విషయం. నాలుగో రోజు మన అబ్బాయి ఒకడు, ప్రేమతోనే, నేపాలీలో ఉన్న రంగుల బైబిలు కథల పుస్తకాలు పిల్లలకు పంచాడు. హెడ్మాస్టరుగారు క్లాసు క్లాసుకూ తిరిగి ఒక్కొక్కటే వెనక్కి తీసుకొని తన సంచిలో పెట్టుకున్నారు. చీకటి పడ్డాక మన గదికి వచ్చి రెండు చేతులూ జోడించారు. ఆయన వయసులో నాకంటే పెద్ద. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఈ సంగతి మన పిల్లలకు స్పష్టంగా చెప్పి తీరాలి. నేపాల్ 2015 రాజ్యాంగంలోని 26వ అధికరణం ఎవరి మతం వారు ఆచరించుకోవచ్చని చెప్తూనే, ఇంకొకరిని మతం మార్చడాన్ని నిషేధించింది. 2018 ఆగస్టు నుంచి అమల్లో ఉన్న వాళ్ళ శిక్షాస్మృతి 158వ సెక్షన్ ప్రకారం మతం మార్చినా, మార్చబోయినా ఐదేళ్ళ దాకా జైలు, 50,000 నేపాలీ రూపాయల దాకా జరిమానా. విదేశీయులైతే శిక్ష అనుభవించాక దేశం నుంచి పంపించేస్తారు. కేసంటూ పడితే ఎవరు ఎక్కువ నష్టపోతారో ఆలోచించండి. మనం ఎలాగో సరిహద్దు దాటి ఇంటికొస్తాం. బడిలోకి మనల్ని రానిచ్చినందుకు ఆ హెడ్మాస్టరుగారు ఊరికి జవాబు చెప్పుకోవాలి. పది కుటుంబాల చిన్న సంఘం ఆ ఊళ్ళోనే బతకాలి. మన ఉత్సాహానికి ఖర్చు వాళ్ళు కట్టకూడదు. విశ్వాసం దాచుకోమని నేను అనడం లేదు. శనివారం వెళ్ళి ఆ సంఘంతో కలిసి ఆరాధించండి, వాళ్ళ పాటలు వినండి, వాళ్ళతో అన్నం తినండి. బడిలో మాత్రం బడి పనే చేయండి. గవర్నమెంటు బడిలో 31 ఏళ్ళు నేనూ అలాగే చేశాను, నా సాక్ష్యానికి ఏ లోటూ రాలేదు.

గది కట్టడం గురించి. 2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది. దాదాపు 9,000 మంది చనిపోయారు. వేల బడులు కూలాయి. మధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా వచ్చింది, బడి నడిచే వేళ. ఆ రోజు శనివారం కాబట్టి పిల్లలు గదుల్లో లేరు. ఇంకే వారమైనా అయ్యుంటే ఏమయ్యేదో తలుచుకోవడానికే గుండె గుభేలుమంటుంది. ఆ తర్వాత అక్కడ భూకంపాన్ని తట్టుకొనేలా ఎలా కట్టాలో వేలమంది మేస్త్రీలకు శిక్షణ ఇచ్చారు. ఎక్కడ కమ్మీ వేయాలి, మూలలు ఎలా కట్టాలి, గోడ చుట్టూ బెల్టు ఎన్ని చోట్ల తిప్పాలి అన్నది వాళ్ళకు తెలుసు. మన డిగ్రీ పిల్లలు జీవితంలో తాపీ పట్టినవాళ్ళు కారు. పోయినేడు ప్రహరీగోడ పని చేస్తే రెండు వరుసలు వంకర పోయాయి. మేస్త్రీ సాయంత్రం వచ్చి వాటిని విప్పి మళ్ళీ కట్టడం నేను కళ్ళారా చూశాను. ప్రహరీ కాబట్టి సరిపోయింది. పిల్లలు కూర్చొనే గది గోడ మీద మనం ప్రాక్టీసు చేయకూడదు. ఆ కూలి ఆ ఊరి మేస్త్రీకే దక్కనివ్వండి.

డబ్బు లెక్క కూడా చెప్పుకోవాలి. తలా 32,000 రూపాయలు అని ప్రకటించారు. 22 మందికి 7,04,000. మన రూపాయికి అక్కడ 1.60 నేపాలీ రూపాయలు, 1993 నుంచీ అదే రేటు. అంటే అక్కడి లెక్కలో 11 లక్షల పైచిలుకు. మన సంఘంలో పూలు కట్టి అమ్మే అమ్మలు, మామిడి మండీలో హమాలీ చేసే అన్నలు కూడా కవర్లో పెట్టి ఇచ్చిన కానుకలు అందులో ఉన్నాయి. ఆరుగురే వెళ్తే 1,92,000 అవుతుంది. మిగిలిన 5,12,000తో ఏం చేయాలో ఆ బడి కమిటీలోని తల్లిదండ్రులనూ హెడ్మాస్టరుగారినీ అడుగుదాం. ఆడపిల్లలకు నీళ్ళున్న మరుగుదొడ్డి కావాలంటారో, మూడో తరగతి మిస్‌కు సామాను కావాలంటారో, కొండ దిగి రాలేని పిల్లలకు దగ్గర్లో ఇంకేదైనా కావాలంటారో నాకు తెలియదు, మీకూ తెలియదు. వాళ్ళకు తెలుసు.

తక్కువమందిని పంపితే మిగతా పిల్లల మనసు నొచ్చుకుంటుందని కొందరు పెద్దలు అన్నారు. నొచ్చుకుంటుంది. కానీ ఇది మన పిల్లల కోసం చేసే ట్రిప్పా, ఆ పిల్లల కోసమా అని మనం మోకాళ్ళ మీద నిజాయితీగా అడుక్కోవాలి. మన పిల్లలకు లోకం చూపించాలనుకుంటే అదీ మంచిదే, దానికి వేరే యాత్ర పెట్టండి, ఆ పేరుతోనే పెట్టండి.

మన జిల్లా చరిత్రలోనే మనకు పాఠం ఉంది. అమెరికా మిషనరీలైన ఆర్కాటు మిషన్ వాళ్ళు ఇక్కడికి వచ్చినప్పుడు ముందు చేసిన పని మన భాష నేర్చుకోవడం. పలమనేరులో, తర్వాత మదనపల్లెలో పనిచేసిన జేకబ్ చాంబర్లేన్ అనే ఆయన తెలుగు ఎంతగా నేర్చుకున్నారంటే తెలుగు బైబిలును సవరించే పనిలోనే కూర్చున్నారు. మన పక్కనే రాయవేలూరు ఆసుపత్రి. చిత్తూరులో ఆ ఆసుపత్రి మెట్లెక్కని కుటుంబం ఉండదు. దాన్ని మొదలుపెట్టిన, అమెరికా మిషనరీ కూతురైన ఐడా స్కడర్ కథ మనం సండే స్కూల్లో చెప్పుకుంటాం. ఒకే రాత్రి ముగ్గురు భర్తలు వచ్చి కాన్పు కష్టమైన తమ భార్యల కోసం బతిమాలారు, మగ డాక్టరును చూడనివ్వలేదు, ముగ్గురు తల్లులూ చనిపోయారు. మనం ఆ కథలో ఏడ్చే చోటే ఆపేస్తాం. ఆమె తర్వాత చేసింది గమనించండి. తనకు తెలియని వైద్యం చేయబోలేదు. తిరిగి అమెరికా వెళ్ళి డాక్టరు చదువు చదివి, 1900లో వచ్చి, ఒక్క మంచంతో మొదలుపెట్టింది. 1918లో మన ఆడపిల్లలకే వైద్యం నేర్పే స్కూలు పెట్టింది. జీవితమంతా మన దేశానికే ఇచ్చింది. మనం 12 రోజుల్లో అంత చేయలేం, ఎవరూ చేయమనరు. నేర్చుకొని వెళ్ళడం మాత్రం మన చేతిలో ఉంది.

భాష నేర్పే గురువు కోసం దూరం పోనక్కర్లేదు. మన వీధుల్లో రాత్రిపూట ఈలేసుకుంటూ తిరిగే గూర్ఖా తమ్ముడు ఉన్నాడు కదా, నెల మొదట్లో గుమ్మం ముందు నిలబడి డబ్బులు అడిగే అతను. నాకు అతన్ని ఇరవై ఏళ్ళుగా తెలుసు. అతని ఊరి గురించి ఒక్కసారి కూడా అడగలేదు. నేపాల్ నుంచి వచ్చాక మొదటిసారి లోపలికి పిలిచి కాఫీ ఇచ్చాను. అతని కూతురు ఊళ్ళో నాలుగో తరగతి చదువుతోంది. ఫోనులో ఆ పాప నోట్‌బుక్ ఫొటో చూపించాడు, నోట్‌బుక్‌ను వాళ్ళు కాపీ అంటారు. ఏడాదికి ఒక్కసారి ఇంటికెళ్తాడు. "బిస్తారై" అంటే మెల్లగా, "ఫేరి" అంటే మళ్ళీ, "బుఝ్యౌ?" అంటే అర్థమైందా అని నేర్పాడు. క్లాసులో కావలసిన మొదటి మూడు మాటలు అవే కదా. బళ్ళో చేరిన కూతుర్ని చూడటానికి ఏడాది ఆగే తండ్రి మన వీధిలో కాపలా కాస్తున్నాడు. ఆ పాపలాంటి పిల్లలనే మనం చూడబోతున్నాం. అక్కడికి వెళ్ళేముందు ఇక్కడ అతనితో కూర్చోవడం సేవలో భాగమే.

ప్రాక్టీసు కూడా ఇక్కడే చేయొచ్చు. కుప్పం వైపు బళ్ళలో ఒకే బెంచీ మీద తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడే ఇళ్ళ పిల్లలు కూర్చుంటారు. శ్రీకాళహస్తి, సత్యవేడు వైపు యానాది కాలనీల్లో బడి మానేసిన పిల్లలున్నారు. మన భాష పూర్తిగా రాని పాపకు ఒక మాట అర్థమయ్యేలా చెప్పడం ఎంత ఓపిక పనో అక్కడ రెండు నెలలు శనివారాలు టీచరు పక్కన కూర్చుంటే తెలుస్తుంది. అలా ఎనిమిది శనివారాలు తప్పకుండా వచ్చినవాళ్ళనే నేపాల్‌కు ఎంచండి. వాళ్ళలో బి.ఎడ్., డి.ఎడ్. చదివేవాళ్ళు ఇద్దరైనా ఉండేలా చూడండి. మూడేళ్ళు అదే బడికి వెళ్తామని మాట ఇవ్వగలిగితేనే మొదలుపెట్టండి. ఏడాదికో కొత్త ఊరు వద్దు.

ఫొటోల సంగతి నొక్కి చెప్తున్నాను. మన కూతురు ముక్కు చీదుతూ, చిరిగిన స్వెటరుతో ఉంటే ఎవరో పరాయివాళ్ళు తీసి స్టేటస్ పెడితే మనం ఊరుకుంటామా? బడి అనుమతి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా ఏ పిల్ల ముఖమూ ఫోనులోకి రాకూడదు. ఏ పిల్లతోనూ మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు, గది తలుపు తెరిచే ఉండాలి, పక్కన ఆ బడి టీచరు ఉండాలి. ఇక్కడ మన బళ్ళలో పోక్సో చట్టం వచ్చాక మాకు మొదట చెప్పింది ఇదే. సరిహద్దు దాటితే ఈ జాగ్రత్తలు అక్కర్లేదని ఎవరన్నారు?

తిరిగొచ్చేటప్పుడు ఒక రోజు అనాథాశ్రమం చూసొద్దామని ప్లానులో ఉంది. దయచేసి అది తీసేయండి. ఇలాంటి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు, చూడటానికి వచ్చేవాళ్ళ డబ్బు కోసం పిల్లల్ని ఇళ్ళ నుంచి తెచ్చి పెట్టిన చోట్లు నేపాల్‌లోనే బయటపడ్డాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ కూడా అనాథాశ్రమాల్లో ఈ వలంటీరు యాత్రల వల్ల జరిగే హాని గురించి తీర్మానంలో రాసింది. ఒక గంట ఎత్తుకొని ఆడించి వచ్చేయడం ఆ బిడ్డలకు ఏమవుతుందో మా వేపచెట్టు కింద నేను చూశాను.

వెళ్ళబోయే పిల్లలారా, మీతో ఒక్క మాట. మొదటి రోజే క్లాసులో బోర్డు మీద మీరు వెళ్ళిపోయే తేదీ రాయండి. పిల్లలకు రోజూ చూపించండి. మళ్ళీ వస్తామని మాట ఇవ్వకండి, టికెట్టు చేతిలో ఉంటే తప్ప. బహుమతులు పిల్లల చేతుల్లో పెట్టకండి, హెడ్మాస్టరుగారికి ఇవ్వండి, మిస్ తన చేతులతో పంచుతుంది. మెచ్చుకోలు ఆమెకు దక్కాలి, ఎందుకంటే మర్నాడు ఆ పిల్లల ముందు నిలబడేది ఆమె. పోయినేడు మనం జీపెక్కుతుంటే మూడో తరగతి బాబు ఒకడు మన అమ్మాయి చున్నీ పట్టుకొని "ఫేరి కహిలే ఆఉనుహున్ఛ?" అని అడిగాడు. ఆ అమ్మాయికి అర్థం కాలేదు, నవ్వి బుగ్గ గిల్లింది. అర్థమేమిటని నేను డ్రైవరును అడిగాను. మళ్ళీ ఎప్పుడొస్తారు అని. సునౌలి వచ్చేదాకా నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

టికెట్లు ఇంకా తీయలేదని కార్యదర్శి తమ్ముడు చెప్పాడు. కాబట్టి టైం ఉంది. ఈ వారంలోనే హెడ్మాస్టరుగారికి ఫోను చేద్దాం, నేను కూర్చుంటాను, హిందీ బాగా వచ్చిన ఒకరిని పక్కన పెట్టండి. మేలో రావొచ్చా, అసలు ఎప్పుడొస్తే మీకు ఇబ్బంది ఉండదు అని ముందు అడుగుదాం. దసరా తర్వాత రమ్మంటే దసరా తర్వాతే వెళ్దాం. మూడో తరగతి మిస్‌ను లైన్లోకి పిలిచి, మీకు టైం చాలక వదిలేసిన పని ఏమిటమ్మా అని అడుగుదాం. ఆమె చెప్పింది రాసుకొని, వెళ్ళేదాకా అదే తయారుచేద్దాం.

వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి మా ఇంటికి రండి. గూర్ఖా తమ్ముడు వస్తానన్నాడు. అట్టలు, కత్తెరలు, టేపు నేను తెచ్చి పెడతాను. "కౌ" కార్డు కూడా ట్రంకులోంచి తీసి ఉంచుతాను, కొలత దాన్ని చూసి కోసుకోవచ్చు.

మీ అక్క,
ఒక రిటైర్డ్ టీచరు, చిత్తూరు